వేలిముద్ర మినహాయింపు

...లేనిదాన్ని ఎలా తీస్తామమ్మా అన్నాడు, అంత మామూలుగా, చిల్లర లేదని చెప్పినట్టు. లేకపోతే మరి ఈ నొప్పి ఎక్కడిది? పొద్దున్నుంచి మూడు గుడ్డలు మార్చుకుంది, అవి ఎందుకు తడుస్తున్నాయి? ఆ మాటకి తను నవ్వింది కూడా. బీమా కిటికీ వెనక గుమస్తాకి విసుగు తెప్పించడం ఇష్టంలేక నవ్వింది. అది గుర్తొస్తేనే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. తన ఒంట్లో ఉన్నదాన్ని ఎవరో లేదంటుంటే, తప్పేదో తనవల్లే జరిగినట్టు నవ్వడమేమిటి?

"దుప్పటి! దుప్పటి వదిలేశావే తల్లీ!"

ఎదురుగా ఉన్న ఆవిడ అరుపుతో ఉలిక్కిపడింది. తన చేతిలో ఉండాల్సిన చెంగు జారి తడి నేల మీద పడింది. కాలుతున్న పెద్ద రోలరు దుప్పటి రెండో చెంగుని అప్పుడే లోపలికి లాక్కుంటోంది. ఎదుటావిడ గబుక్కున లాగి, దుప్పటిని మళ్లీ ఉతికే బుట్టలోకి విసిరింది.

"నీ ప్రాణం ఇక్కడే ఉందా, ఎక్కడన్నా పెట్టి మర్చిపోయొచ్చావా? ఇందాకట్నుంచి ఇది రెండోది. మేనేజరు చూశాడంటే మన ఇద్దరికీ కలిపి ఇస్త్రీ చేస్తాడు."

ఆవిణ్ణి లాండ్రీలో అందరూ రేడియో అంటారు. పొద్దున షిఫ్టు మొదలైనప్పుడు విప్పిన నోరు సాయంత్రం గేటు దాటాకే మూస్తుంది. తొమ్మిదేళ్లుగా వాళ్లిద్దరూ ఒకే రోలరు మీద జోడీ. హోటళ్ల నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చిన దుప్పట్లను బ్లీచింగు నీళ్లలోంచి తీసి, చెరో రెండు చెంగులూ పట్టుకుని ఒక్క విదుపు విదిలించి, రోలరు నోటికందించాలి. షిఫ్టుకి నాలుగు వందల దుప్పట్లు. తగ్గితే ఆ పూట కూలిలో కోత.

"నాకు గర్భసంచి లేదట," అంది ఆమె.

"ఏంటీ?"

రోలరు హోరులో మళ్లీ గట్టిగా చెప్పాల్సొచ్చింది. అవతల మడతలు పెట్టే వాళ్లు కూడా తలెత్తి చూశారు.

మొన్న డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. గడ్డలున్నాయి, రక్తం ఏడుకి పడిపోయింది, నెల తిరక్కుండా తీసెయ్యాలంది. స్కానింగుకి చీటీ రాసిచ్చింది. నిన్న ఆ చీటీ పట్టుకుని బీమా కిటికీ దగ్గరికెళ్తే, గుమస్తా ఆమె గుర్తింపు నెంబరు కొట్టి, తెర వైపు చూసి, మళ్లీ కొట్టాడు. రెండేళ్ల క్రితం ఇదే ఆసుపత్రిలో ఈ నెంబరు మీద గర్భసంచి తీసేశారు, ఆరు రోజులున్నారు, ఇంటికెళ్లారు, అని చదివాడు. గర్భసంచి లేనివాళ్లకి గర్భసంచి స్కానింగంటే ఈ కంప్యూటరు ఒప్పుకోదమ్మా అన్నాడు.

"నాకు జరగలేదు బాబూ."

"నెంబరు మీదేగా?"

"నాదే."

"ఫోటో?"

"నాదే."

"మరింకేం?" అన్నాడాయన. వేలిముద్రతో సరిచూడమని ఆమె అడుగుతుందేమో అనుకుని, తెర మీది ఎర్ర గీతను చూపించాడు. 'వేలిముద్ర మినహాయింపు' అని ఉంది.

ఆ మినహాయింపు సంగతి రోలరు దగ్గరున్న వాళ్లందరికీ తెలుసు. అయిదేళ్ల క్రితం బీమా ఆఫీసులో పదకొండు మంది ఆడవాళ్లను వరసగా నిలబెట్టి గాజు పలక మీద వేళ్లు పెట్టించారు. ఒక్కరి వేలూ పడలేదు. బ్లీచింగు నీళ్లకీ వేడి బట్టకీ వేళ్ల కొసలు అరిగిపోయి, వాడిన సబ్బుబిళ్లల్లా నున్నబడిపోయాయి. తుడిచి పెట్టించారు, పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించారు. చివరికి ఆఫీసరు విసుగెత్తి, వీళ్లకి కార్డూ ఫోటో ఉంటే చాలు అని రాసేశాడు. ఆ రోజు తిరిగొస్తూ రేడియో బస్సంతా నవ్వించింది. ఇక మనం ఏ దొంగతనం చేసినా పట్టుకునేవాడు లేడర్రా అంది. తమనే ఎవరన్నా దొంగిలించొచ్చని ఆ పదకొండు మందిలో ఒక్కరికీ తోచలేదు.

"కార్డు ఎవరికన్నా ఇచ్చావా?" అంది రేడియో.

ఇవ్వకపోవడం ఎక్కడుంది? దువ్వెనా గొడుగూ ఇచ్చిపుచ్చుకున్నట్టే ఇక్కడ కార్డులూ చేతులు మారతాయి. రేడియో మాట్లాడే ఫోన్ సిమ్ము తన కార్డు మీద తీసుకున్నదే. ఎవరికిచ్చిందో ఆమెకి నిన్న కిటికీ దగ్గరే తెలిసిపోయింది. తెలిసినా, ఆ తెలిసినదాన్ని రాత్రంతా మనసులో ఒక పక్కన పెట్టి, దాని మీద గుడ్డ కప్పి, అటు చూడకుండా తిరిగింది. ఇప్పుడు అడిగితే తప్పలేదు.

"మా అక్కకిచ్చాను. రెండు రోజులకి. రక్తపరీక్ష అంది."

అక్కంటే తోడికోడలు. భర్త అన్నగారి భార్య. అప్పట్లో ఇంట్లోనే మిషను కుట్టుకునేది, బీమా లేదు. తనకి లాండ్రీ వాళ్లు నెలనెలా జీతంలోంచి కోసి కట్టే బీమా ఉంది.

"రక్తపరీక్షకెళ్లి గర్భసంచి తీయించుకొచ్చిందా!" రేడియో దుప్పటి విదిలిస్తూనే బుగ్గలు నొక్కుకున్నంత పని చేసింది. "ఎంత గుండెలు తీసిన మనిషే! మా చెల్లెలికి అదే ఆపరేషనైతే ఎన్ని కాగితాలనుకున్నావు? మొగుడి సంతకం లేందే బల్ల మీద పడుకోబెట్టలేదు. మీ బావగారు అప్పుడు ఓడ మీద పనికెళ్లి ఉన్నాడుగా, మరి మొగుడి సంతకం ఎవరు..."

రేడియో ఆగిపోయింది. తొమ్మిదేళ్లలో మాట మధ్యలో ఆగడం అదే మొదలు. ఇద్దరి మధ్యా దుప్పటి బిగుతుగా సాగి నిలబడింది. రోలరు ఖాళీగా తిరుగుతోంది.

"ఫైలు తీయించి చూడు," అంది చివరికి, చిన్న గొంతుతో. "పో. మేనేజరుకి నేను చెప్పుకుంటాలే."

*

రికార్డు రూము ఆసుపత్రి కింది అంతస్తులో, జనరేటరు పక్కన ఉంది. అక్కడి పెద్దాయన పంచింగు మిషను పోయిందని కాగితాలకి దబ్బనంతో కన్నాలు పొడుస్తున్నాడు. ఆమె చెప్పింది విన్నాడు. నమ్మాడో లేదో మొహంలో కనిపించలేదు. నిచ్చెనెక్కి, దిగి, ఒక ఫైలు తెచ్చి దారం విప్పాడు.

"నీ రక్తం గ్రూపేంటి?"

"ఓ."

"ఇందులో బీ అని ఉంది." ఆయన అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. "ఇంకోళ్ల ఒళ్లు తెచ్చి నీ నెంబరులో పెట్టేశారన్నమాట. రేపు నువ్వు స్పృహ లేకుండా వచ్చావనుకో, ముందు చూసేది దీన్నే. తర్వాత పరీక్ష చేస్తారనుకో. చెయ్యాలి మరి."

కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగి, ఫైలు ఆమె వైపు తిప్పాడు. అంగీకార పత్రం. రోగి సంతకం చోట ఏదో గిలికి ఉంది. దాని కింద 'భర్త' అని అచ్చువేసిన గీత మీద సంతకం.

చూడగానే గుర్తుపట్టింది. వ్యాను నడపడానికి లైసెన్సు తీసుకునేటప్పుడు, సంతకమంటే గొప్పగా ఉండాలని పాత క్యాలెండరు వెనక వంద సార్లు గీసి నేర్చుకున్న సంతకం. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి మొత్తం పేరు కిందుగా పోతుంది. ఆ తోక చూసి, పెళ్లైన కొత్తలో, బండి ఇంకా రాలేదు గానీ రోడ్డు వేసేశావే అని ఆటపట్టించింది.

తేదీలు చూసింది. ఆరు రోజులు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే, ఆ వారం ఏదో తెలిసొచ్చి, లెక్కపెడుతున్న వేలు అక్కడే ఆగిపోయింది.

ఆ వారం ఆమెకి బాగా గుర్తు. పదిహేనేళ్ల కాపురంలో అలాంటి వారం ఇంకొకటి లేదు. అతను ఇంటికి ఆలస్యంగా వచ్చేవాడు, రొట్టెల వ్యానుకి ఎక్కువ ట్రిప్పులు పడుతున్నాయనేవాడు. కానీ వచ్చాక, నువ్వు కూర్చోవే అని గిన్నెలు తనే తోమేవాడు. ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిక్కలు పిసికేవాడు. రోజంతా నిలబడే ఉంటావు, నాకు తెలీదనుకున్నావా అన్నాడు ఒకరోజు. ఆ మాటకి ఆమె మొహం అటు తిప్పుకుని ఏడ్చింది. తర్వాత నెలరోజులు రోలరు దగ్గర ఆ వారం గురించే చెప్పింది. రేడియో కూడా అసూయపడి, మీ ఆయన్ని ఓ పూట మా ఇంటికి పంపవే, గిన్నెలున్నాయి అంది.

బతుకులో కష్టమొచ్చినప్పుడల్లా తీసి చూసుకునే వారం అది. దాని వెల ఇక్కడ, ఈ గీత మీద ఉంది. పగలు ఆసుపత్రిలో వదినకి మొగుడిగా సంతకం పెట్టి, సాయంత్రం వచ్చి తన కాళ్లు పట్టాడు. పశ్చాత్తాపమా? భయమా? లేక రెండూ కలిసి అతనికే ప్రేమలా అనిపించాయా? అదే ఆమెకి తేల్చుకోవడం చేతకాలేదు. నెంబరు పోతే పోయింది. ఆ వారాన్ని ఎందుకు ముట్టుకున్నాడు?

"సరిచేయించాలంటే ఏం చెయ్యాలి?" అంది.

"ఆపరేషను ఎవరికైందో ఆ మనిషొచ్చి నాకే అయిందని చెప్పాలి. లేదా నువ్వు ఫిర్యాదు ఇచ్చి, ఫలానా వాళ్లని చూపించాలి. సంతకం పెట్టినాయన్ని కూడా పిలుస్తారు. విచారణ అయ్యేదాకా బీమాలన్నీ ఆపుతారు. నీదీ ఆపుతారు."

"ఎన్నాళ్లు?"

పెద్దాయన దారం ముడి వేస్తూ, "నీకున్న తొందర కాగితానికుండదమ్మా," అన్నాడు.

*

అతను తలుపు తీసుకుని వచ్చేసరికి ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. లైటు వేసి, చూసి, "ఏమే, నొప్పిగా ఉందా?" అన్నాడు.

"ఫైలు చూశాను."

అతను చెప్పులు విప్పుతున్నవాడు ఒక చెప్పుతోనే ఆగిపోయాడు. ఏ ఫైలని అడగలేదు. అడిగుంటే కొంచెం బాగుండేదేమో. తెలియనట్టు నటించడానికైనా తన మీద కాస్త శ్రద్ధ ఉండాలి కదా అనిపించిందామెకి.

"చెబుదామనే అనుకున్నాను," అన్నాడు.

"ఎప్పుడు? నేను పోయాకా?"

"అన్నయ్య లేడు. వదిన రక్తం పోయి మంచం దిగలేకపోయింది. చచ్చిపోయేలా ఉందే. నీకు చెబితే ఒప్పుకోవేమోనని..."

"ఒప్పుకునేదాన్ని."

అతను తలెత్తి చూశాడు.

"అడిగుంటే ఒప్పుకునేదాన్నయ్యా. అదే నా ఏడుపు."

అతను విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కుని వెళ్లి వదినని తీసుకొచ్చాడు. రెండిళ్ల అవతలే. ఆవిడ పమిట భుజం నిండా కప్పుకుని వచ్చి, గుమ్మంలోనే కూలబడి, ఆమె పాదం పట్టుకుంది.

"కొట్టు పిల్లా. ఆ చీపురు తీసుకుని కొట్టు. పడతాను."

"పాదం వదులక్కా."

"నీ దయవల్ల బతికాను. ఈ రెండేళ్లూ నీ మొహం చూసినప్పుడల్లా చెప్పలేక చచ్చాను."

"చచ్చింది నువ్వు కాదులే, నా కడుపులోది. రెండేళ్ల కిందటే పోయిందని రాసుంది."

అక్క కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, ముందే అనుకుని వచ్చినట్టు అసలు మాట ఎత్తింది. ఇప్పుడు ఆవిడ ప్యాకింగు కంపెనీలో చేస్తోంది. ఆరు నెలలైంది, ఆవిడకీ బీమా వచ్చింది. ఆవిడ నెంబరు మీద ఏ ఆపరేషనూ లేదు.

"నా కార్డు మీద నువ్వు చేరు. కిటికీ దగ్గర వేలు నేనే పెడతాను, నాది పడుతుంది. ఆ తర్వాత లోపలికి నువ్వెళ్లు. లోపల మొహాలెవడు చూస్తాడు? నాది నీ నెంబరు మీద అయింది, నీది నా నెంబరు మీద అవుతుంది. చెల్లుకి చెల్లు. కేసులూ ఉండవు, గోలా ఉండదు."

"అదే మంచిదే," అన్నాడు అతను. "ఎల్లుండి నేను సెలవు పెడతాను."

ఇద్దరూ ఆమె వైపు చూస్తున్నారు. ఆ చూపుల్లో మోసమేం లేదు, నిజంగానే మేలు చేస్తున్నామన్న వెలుగు ఉంది. అది చూసే ఆమెకి భయం వేసింది.

"బల్ల మీద నేను పోతేనో?" అంది.

"ఛ, అవేం మాటలు!"

"కాదక్కా, అడుగుతున్నా. నేను పోతే కాగితంలో పోయేది నువ్వు. నీ కంపెనీ వాళ్లు నీ పేరు కొట్టేస్తారు, బావగారు ఓడ దిగొచ్చి నీకు ఏడుస్తాడు. నేను మాత్రం లాండ్రీలో రోజూ నాలుగు వందల దుప్పట్లు తీస్తూనే ఉంటాను."

అక్క నవ్వబోయి నవ్వలేకపోయింది. అతను మాత్రం నవ్వాడు. ఆమె హాస్యమాడిందంటే సగం మెత్తబడినట్టేనని అతని లెక్క. లేచి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. నీళ్ల చప్పుడు వింటూ ఆమె కళ్లు మూసుకుంది.

ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో తనకే తెలియదు. రక్తం ఏడు. నెల లోపల అంది డాక్టరమ్మ.

*

మర్నాడు కాక ఆ మర్నాడు, పదింటికి, అంతా అక్క చెప్పినట్టే జరిగింది. ముందు డాక్టరమ్మ గదిలో అక్క కార్డుతో, ఆపరేషనుకి చేరమని కొత్త చీటీ రాయించారు. ఆ పూట వేరే డాక్టరు, తలెత్తి కూడా చూడలేదు. బీమా కిటికీ దగ్గర అక్క గాజు పలక మీద బొటనవేలు పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. ఒక్కసారికే. గుమస్తా ఫోటో చూసి, అక్క మొహం చూసి, కాగితం చింపి ఇచ్చాడు. అక్క ఆ కాగితాన్ని మలుపు తిరిగాక ఆమె చేతిలో పెట్టింది.

"నా పుట్టిన సంవత్సరం గుర్తుందిగా? నీకన్నా నాలుగేళ్లు పెద్ద. అడిగితే చెప్పాలి."

"గుర్తుంది."

"ఇద్దరు పిల్లలు, ఒకటి పోయింది. అదీ అడుగుతారు."

ఆ పోయిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది తనే. అక్క అప్పుడు జ్వరంలో ఉంది. ఇప్పుడు దాన్ని తన బిడ్డగా చెప్పాలి. తనకి పిల్లల్లేరు. ఆ మాట అడిగితే చెప్పుకోవడానికి ఒక వరస ఉండేది ఆమెకి, పదిహేనేళ్లుగా చెప్పీ చెప్పీ అలవాటైన వరస. ఆ బాధ కూడా ఈ పూటకి తనది కాదు.

వార్డులో పన్నెండు మంచాలు. కిటికీ పక్కది చూపించారు. మంచం మీది దుప్పటిని చేత్తో రాస్తే ఏ రోలరు మీద తీసిందో చెప్పగలదు. కూర్చుంది. పక్క మంచం మీది ముసలావిడ, "నీదీ అదేనా? భయపడకమ్మా, కళ్లు మూసుకుంటే అయిపోతుంది. లేచాక ఆకలేస్తుంది, అంతే," అంది. అతను తలుపు దగ్గర, చేతిలో మందుల సంచీతో. అతని పక్కన అక్క. అక్కడే నిలబడి ఏవో మాట్లాడుకుంటున్నారు, తల కొంచెం వంచుకుని, ఇంటి విషయాలు మాట్లాడుకునే వాళ్లలాగా. రెండేళ్ల క్రితం కూడా ఇలాగే నిలబడి ఉంటారు. కాకపోతే అప్పుడు మంచం మీద తనుంది, పేరుగా. ఇప్పుడు మనిషిగా ఉంది. ఎప్పుడూ రెండూ కలిసి ఒకచోట ఉండే యోగం లేదు.

అతను ఆమె చూపు గమనించి, చిన్నగా చెయ్యి ఊపాడు. అయిపోయాక ఇతను కాళ్లు పడతాడు. వారం రోజులు, బహుశా రెండు వారాలు. గిన్నెలు తోముతాడు. తనకి అది బాగుంటుంది కూడా. మళ్లీ రోలరు దగ్గర చెప్పుకుంటుందా దాన్ని? ఏ ఆరు రోజుల గురించి చెబుతుంది? ఎవరి ఆరు రోజులు?

నర్సు ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. ప్లాస్టిక్ చేతిపట్టీ ఒకటి తీసి, దాని మీద అచ్చైన పేరూ నెంబరూ చదివి, "నువ్వేనా?" అంది. జవాబు కోసం చూడకుండానే ఆమె చెయ్యి అందుకుని మణికట్టు చుట్టూ పట్టీ తిప్పింది. "ఇది వేశానంటే డిశ్చార్జి దాకా ఊడదు. కత్తిరించాల్సిందే. బిగుతుగా ఉంటే ఇప్పుడే చెప్పు."

బిగుతుగా ఏం లేదు. అక్క చెయ్యీ తన చెయ్యీ ఒకే కొలత. పెళ్లికి గాజులు కూడా కలిపే కొన్నారు.

తలుపు దగ్గర అతను అవునని తల ఊపుతున్నాడు. ఆమె బదులు తనే జవాబు చెబుతున్నట్టు.

పట్టీ కొసను నర్సు ఇంకా బొత్తంలోకి నొక్కలేదు.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. పట్టీ నర్సు వేళ్లలోనే ఉండిపోయింది.

"ఏమ్మా, నువ్వు కాదా?"

"కాదు," అని, అదే చేతిని ఎత్తి, తలుపు వైపు చూపించింది. "ఆ పేరావిడ అదుగో, అక్కడ నుంచుంది."